శ్రీకాకుళంలో మెడికల్ కోడింగ్ శిక్షణ: యాంటీబాడీ పరీక్షల పాఠం ఎలా చెప్పారంటే

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక మెడికల్ కోడింగ్ శిక్షణ కేంద్రంలో మూడు నెలల కోర్సును ఈమధ్యే పూర్తి చేశాను. ఆమదాలవలస నుంచి రోజూ బస్సులో వచ్చి సాయంత్రం రెండు గంటల తరగతికి హాజరయ్యేదాన్ని. అంతకు ముందు నాలుగేళ్లు ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేశాను కనుక రక్త పరీక్షలు నాకు కొత్త కావు. ఆ పరీక్షలకు అమెరికాలో బీమా సంస్థలు డబ్బు చెల్లించే పద్ధతి మాత్రం పూర్తిగా కొత్త. చేసిన పరీక్షలను, చికిత్సలను, జబ్బులను ఆ బీమా బిల్లుల కోసం నిర్ణీత కోడ్లుగా మార్చడమే మెడికల్ కోడింగ్. మన జిల్లాలో బీఎస్సీ, బీఫార్మసీ చదివినవాళ్లు ఈ పని నేర్చుకుని విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో వెళ్తున్నారు కాబట్టి, చేరాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. వైరస్‌లకు సంబంధించిన యాంటీబాడీ పరీక్షల పాఠాన్నే ఇందుకు ఎంచుకున్నాను, ఎందుకంటే అందులో తప్పొప్పులు తేల్చగలిగే అనుభవం నాకు ఉంది. లోపాలు కూడా చెబుతున్నందువల్ల కేంద్రం పేరు రాయడం లేదు.

ఈ కేంద్రానికి ఉన్న అసలైన బలం పాఠం చెప్పిన మాస్టారు. ఆయన చెన్నైలో కొన్నేళ్లు ల్యాబు బిల్లులకు కోడింగు చేసి వచ్చినవారు. మొదటి రోజు కోడ్ల పుస్తకం తెరవనివ్వలేదు. పేర్లు తీసేసిన పది ల్యాబు రిపోర్టులు చేతికిచ్చి, "ముందు రిపోర్టు చదవండమ్మా, పుస్తకం తర్వాత తెరుద్దురు గాని" అన్నారు. అది ఎంత అవసరమో హెపటైటిస్ బి దగ్గరే తెలిసింది. వైరస్ పైపొరలోని యాంటిజెన్‌ను, అంటే శరీరం పరాయిదిగా గుర్తించే పదార్థాన్ని పట్టుకునే పరీక్షకు సీపీటీ కోడు (పరీక్షలకు, చికిత్సలకు వాడే కోడు) 87340, అది పుస్తకంలో మైక్రోబయాలజీ విభాగంలో ఉంటుంది. అదే యాంటిజెన్‌కు ఎదురుగా మన శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీని కొలిచే పరీక్షకు కోడు 86706, అది ఇమ్యునాలజీ విభాగంలో ఉంటుంది. రిపోర్టులో ఈ రెండింటి పేర్లు ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మొదటిది పాజిటివ్ అయితే శరీరంలో వైరస్ ఉందని అర్థం, రెండోది పాజిటివ్ అయితే టీకా వల్లనో, నయమైన పాత జబ్బు వల్లనో రక్షణ ఉందని అర్థం. ఒకదాని బదులు మరొకటి వేస్తే బిల్లు తిరిగి రావడమే కాదు, రోగి పేరు మీద జరగని పరీక్ష నమోదవుతుంది. ఆ మాట ఆయన ఎంతో గంభీరంగా చెప్పారు, అలాగే చెప్పవలసిన మాట అది.

ఆ తర్వాత ఐజీఎం, ఐజీజీల సంగతి. ఇవి యాంటీబాడీల్లో రెండు తరగతులు: జబ్బు కొత్తలో ముందుగా కనిపించేది ఐజీఎం, తర్వాత వచ్చి ఎక్కువ కాలం నిలిచేది ఐజీజీ. వీటికి అన్ని వైరస్‌ల విషయంలోనూ ఒకే నియమం లేకపోవడమే ఈ పాఠంలో కష్టమంతా. హెపటైటిస్ బి కోర్ (వైరస్ లోపలి భాగం) యాంటీబాడీకి మొత్తంగా చూస్తే 86704, ఐజీఎం ఒక్కదాన్నే చూస్తే 86705. సైటోమెగలో వైరస్‌కు కూడా 86644 పక్కన ఐజీఎం కోసం 86645 విడిగా ఉంది. ఎప్‌స్టీన్ బార్ వైరస్‌కు వచ్చేసరికి విభజన వేరు: యాంటీబాడీ ఏ తరగతిదన్నది కాక, వైరస్‌లోని ఏ భాగానికి ఎదురు నిలిచిందన్నది చూసి 86663, 86664, 86665 అని మూడు కోడ్లు పెట్టారు. కాబట్టి క్యాప్సిడ్ (వైరస్ జన్యుపదార్థం చుట్టూ ఉండే తొడుగు) యాంటిజెన్‌కు ఐజీజీ, ఐజీఎం రెండూ చేస్తే రెండుసార్లూ 86665 వేయవలసిందే. చెల్లించే సంస్థ నిబంధనను చూసి 59 మాడిఫయర్‌తోనో (కోడు పక్కన చేర్చే రెండంకెల గుర్తు), మరో విధంగానో అవి రెండు వేరు పరీక్షలని తెలియజేయకపోతే, రెండో వరుసను నకలుగా భావించి తిప్పి పంపుతారు. దీన్ని బట్టీ పట్టించకుండా, పుస్తకంలో కోడు ఎదుట ఉన్న వివరణను మాటమాటగా చదివించి మా చేతే చెప్పించడం నాకు ఎంతో నచ్చింది.

డెంగ్యూ ఉదాహరణ మాకు మరింత దగ్గరగా అనిపించింది. వానాకాలం వస్తే మా ల్యాబుకు జ్వరంతో వచ్చే ప్రతి రెండో మనిషి చేతిలో ఈ పరీక్ష చీటీ ఉండేది. జ్వరం మొదలైన తొలి రోజుల్లో ఎన్ఎస్1 అనే డెంగ్యూ వైరస్ యాంటిజెన్, దాదాపు అయిదో రోజు నుంచి ఐజీఎం దొరుకుతాయని నాకు పనిలోనే తెలుసు. డెంగ్యూ యాంటీబాడీకి సొంత కోడు లేదని, పేరు పెట్టి చెప్పని వైరస్‌లన్నింటికీ వాడే 86790 దీనికీ వాడతారని, ఎన్ఎస్1 మాత్రం యాంటిజెన్ కనుక 87449 కిందికి వెళుతుందని ఇక్కడే తెలుసుకున్నాను. హెచ్ఐవీ విషయంలోనూ ఇదే మెళకువ కావాలి: రెండు రకాల యాంటీబాడీలను కలిపి ఒకే ఫలితంగా ఇస్తే 86703, వాటితో పాటు యాంటిజెన్‌ను కూడా పట్టుకునే నాలుగో తరం పరీక్ష అయితే 87389.

బిల్లింగు భాగం కూడా బాగానే సాగింది. తీవ్ర హెపటైటిస్ ప్యానెల్ (ఒకే కోడు కింద వచ్చే పరీక్షల గుంపు) 80074లో హెపటైటిస్ ఎ ఐజీఎం, బి కోర్ ఐజీఎం, బి సర్ఫేస్ యాంటిజెన్, సి యాంటీబాడీ అని నాలుగు పరీక్షలుంటాయి. నాలుగూ జరిగితే ప్యానెల్ కోడే వేయాలి, మూడే జరిగితే విడివిడిగా వేయాలి. ఎక్కువ డబ్బు కోసం ప్యానెల్‌ను విడగొట్టడం తప్పని, ఆ తప్పు ఎలా బయటపడుతుందో కూడా చెప్పారు. ఒకే రోజున చికిత్స అవసరం కొద్దీ అదే పరీక్షను మళ్లీ చేస్తే 91 మాడిఫయర్ వేయవచ్చని, నమూనా పాడైనందుకో యంత్రం మొరాయించినందుకో మళ్లీ చేస్తే దాన్ని వాడకూడదని స్పష్టం చేశారు.

నాకు తీరని లోటు రోగ నిర్ధారణ కోడ్ల దగ్గర మిగిలింది. పరీక్ష కోడు ఎంత సరిగ్గా ఉన్నా, ఆ పరీక్ష ఎందుకు చేశారో చెప్పే ఐసీడీ కోడు దానికి పొసగకపోతే వైద్య అవసరం కనిపించడం లేదని బీమా సంస్థ డబ్బు ఆపేస్తుంది. ఇంత ముఖ్యమైన విషయానికి ఒక్కటంటే ఒక్క తరగతి కేటాయించారు. లక్షణాలేవీ లేకుండా వైరస్ ఉందేమోనని ముందుజాగ్రత్తగా చేసే పరీక్షకు జెడ్11.59, హెచ్ఐవీకైతే జెడ్11.4, టీకా తర్వాత రక్షణ వచ్చిందో లేదో చూసేందుకు జెడ్01.84 అని బోర్డు మీద రాసి ముగించారు. ఔట్‌పేషెంట్ కేసులో డాక్టరు "డెంగ్యూ కావచ్చు" అని రాస్తే డెంగ్యూ కోడు ఎ90 వేయకూడదు, జ్వరానికి ఆర్50.9 వేయాలన్న నియమాన్ని కూడా నేను అడిగితేనే చెప్పారు. తిరస్కరణ పత్రం ఒక్కటైనా చూపించి, దానికి జవాబు ఎలా రాయాలో నేర్పలేదు. ఉద్యోగంలో సగం పని అదే.

రెండో లోపం పుస్తకాలు. పద్దెనిమిది వేల రూపాయల ఫీజులో పుస్తకాల ఖర్చు కూడా కలిసి ఉందని చేర్చుకునేటప్పుడు చెప్పారు, తీరా ఇచ్చినవి రెండేళ్ల కిందటి ప్రతులు. సీపీటీ కోడ్లు ఏటా జనవరి 1న, ఐసీడీ కోడ్లు అక్టోబరు 1న మారతాయి. కోవిడ్ యాంటీబాడీ పరీక్షల కోసం 86328, 86769 అనే కోడ్లు 2020 ఏప్రిల్‌లో, అంటే ఏడాది మధ్యలోనే వచ్చాయి. ఇలాంటి విద్యకు పాత పుస్తకం ఇవ్వడం విద్యార్థికి అన్యాయమని నిర్వాహకులకు లిఖితంగా తెలియజేశాను. వచ్చే బ్యాచ్‌కు కొత్తవి తెప్పిస్తామన్నారు. ఉద్యోగం గ్యారంటీ అని బయట బోర్డు ఉంది గానీ, మాకు అందినవి కొన్ని కంపెనీల ఫోన్ నంబర్లు మాత్రమే.

లైఫ్ సైన్సెస్ చదివి, కోడింగులో అడుగు పెట్టబోతున్నవాళ్లకు ఈ కేంద్రాన్ని నేను సూచిస్తాను. డబ్బు కట్టే ముందు పుస్తకం ఏ సంవత్సరానిదో చేత్తో తీసి చూడండి, తిరస్కరణలపై ఎన్ని తరగతులు ఉంటాయో అడగండి. కోర్సు అయిపోయిన రెండు వారాలకు, ఆటలమ్మ వైరస్‌కు ఐజీజీ, ఐజీఎం రెండూ చేసిన రిపోర్టు ఒకటి ఇంట్లో సాధన చేస్తూ సందేహం వచ్చి మాస్టారికి ఫోన్ చేశాను. రాత్రి తొమ్మిది దాటినా విసుక్కోలేదు. కోడు వెంటనే చెప్పేయకుండా 86787 ఎదుట ఉన్న వివరణను నా చేతే పైకి చదివించి, అందులో ఐజీఎం అన్న మాట ఎక్కడైనా ఉందా అని అడిగారు.