మైన్‌క్రాఫ్ట్ పిల్లలకి ఇవ్వొచ్చా? నాలుగు నెలలు చూశాక నా మాట

ఇవ్వొచ్చు. మైన్‌క్రాఫ్ట్ అంటే చతురస్రపు ఇటుకలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే గేమ్. కాకపోతే సెట్టింగ్స్ చూడకుండా ఫోన్ చేతిలో పెట్టేసి మన పని మనం చూసుకునే గేమ్ కాదిది.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. క్లాసులో అందరూ ఆడుతున్నారని పట్టుబడితే ముందు నేనే ఓ వారం ఆడి చూసి, ఆ తర్వాత తనకిచ్చాను. ముందే డబ్బు కట్టి కొనుక్కునే గేమ్ కాబట్టి ఆట మధ్యలో యాడ్స్ రావు, నాకు అదే పెద్ద ఊరట. అయితే లోపల మార్కెట్‌ప్లేస్ అని ఒకటుంది, అక్కడ మైన్‌కాయిన్స్‌తో (అసలు డబ్బు పెట్టి కొనే గేమ్ నాణేలు) స్కిన్‌లు, అంటే ఆటలో మన బొమ్మ వేషాలు, మ్యాప్‌లు అమ్ముతారు, అందుకని మొదటి రోజే ఫోన్‌లో కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టేయండి.

యూరప్ రేటింగ్ పెగీ 7 అంటుంది, అంటే ఏడేళ్లు, ఆ పైవాళ్లకి. రక్తం కనపడదు, అన్నీ చతురస్రపు బొమ్మలే. కానీ ప్రాణాలు కాపాడుకుంటూ ఆడే సర్వైవల్ మోడ్‌లో క్రీపర్ అనే ఆకుపచ్చ ప్రాణి చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి, బుస్సుమని పేలిపోతుంది, గంటసేపు కట్టుకున్న గోడ క్షణంలో పోతుంది. చిన్న పిల్లలకి భయం కంటే ఆ నష్టమే ఎక్కువ ఏడుపు తెప్పిస్తుంది. డిఫికల్టీ పీస్‌ఫుల్‌లో పెడితే క్రీపర్లు, జాంబీలు ఉండవు, ఆకలి గోల కూడా ఉండదు. క్రియేటివ్ మోడ్ అయితే కావలసినన్ని ఇటుకలు, గాల్లో ఎగరొచ్చు. మేము అక్కడే మొదలుపెట్టాం.

ఇది మిగతా గేముల్లాంటిది కాదని నాకు నమ్మకం కుదిరింది ఒక దీపం వల్ల. తను కట్టిన ఇంట్లో దీపం, దూరంగా గేటు దగ్గర లీవర్, మధ్యలో రెడ్‌స్టోన్ పొడి (గేమ్‌లో కరెంట్ తీగలాంటిది) వరసగా పరిచింది. లీవర్ వేస్తే దీపం వెలగలేదు. నేను నోరు మెదపలేదు. తను లీవర్‌ని పీకి ఒక్కో గడీ దగ్గరికి జరుపుకుంటూ, ప్రతిసారీ వేసి చూసుకుంటూ వచ్చింది, చివరికి ఒకచోట టక్కున వెలిగింది. వేలితో గడులు లెక్కపెట్టి, "నాన్నా, పదిహేను దాటితే కరెంట్ రావట్లేదు" అంది. గేమ్‌లో రూల్ నిజంగా అదే, రెడ్‌స్టోన్ పవర్ 15 బ్లాకుల దాకానే పోతుంది. మర్నాడు మధ్యలో ఆ పవర్‌ని మళ్లీ పెంచే రిపీటర్ పెట్టి గేటు దాకా లాగింది. ఎవరూ చెప్పకుండా అంత ఓపికగా తప్పు ఎక్కడుందో వెతకడం నేను తనలో అంతకుముందు చూడలేదు.

నాకు టెన్షన్ అంతా ఆన్‌లైన్ గురించే. బయటి సర్వర్లలో, అంటే ఇంటర్నెట్‌లో అందరూ కలిసి ఆడే చోట్ల, ఎవరెవరో ఉంటారు, చాట్ ఉంటుంది. వరల్డ్ సెట్టింగ్స్‌లో మల్టీప్లేయర్ ఆఫ్ చేసి ఒంటరిగా ఆడనివ్వండి, స్నేహితులతో ఆడాలంటే అప్పుడు ఆన్ చేసి, ఒకే వైఫై మీద, ఇంట్లో మీ కళ్లముందు. బయటి సర్వర్లు మాత్రం పదమూడేళ్లు నిండేదాకా వద్దనే నేనంటాను, పిల్లలు ఎంత బతిమాలినా.

ఇంకో ఇబ్బంది, ఈ ఆటకి లెవెల్స్ లేవు, ఎక్కడ ఆపాలో పిల్లలకి తెలీదు, "ఇంకొంచెం" అంటూనే ఉంటారు. దానికి మందు గేమ్‌లోనే దొరికింది. అందులో పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలు, పగలు దాదాపు 10. చీకటి పడగానే మంచం మీద పడుకుంటే వెంటనే తెల్లారుతుంది. మా ఇంట్లో మూడు పగళ్లు, అంటే అరగంట పైచిలుకు. మూడోసారి సూర్యుడు దిగుతుంటే తనే ఆటలోని తన బొమ్మని మంచం దగ్గరికి నడిపించుకెళ్లి పడుకోబెట్టి, ఫోన్ నాకిచ్చేస్తోంది.