ఇరకం దీవి మట్టి దారులకు ఏది మేలు: గ్రావెలా, సీసీనా, పేవర్ బ్లాకులా?

తడ, సూళ్లూరుపేట వైపు నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. పులికాట్ సరస్సులోని ఇరకం దీవిలో మిగిలిన మట్టి దారులకు గ్రావెల్ తోలించాలా, సీసీ రోడ్డు అడగాలా, పేవర్ బ్లాకులు (ఫ్యాక్టరీలో అచ్చుపోసిన కాంక్రీటు దిమ్మలు) వేయించాలా అని. 2022లో జిల్లాలు మారాక దీవి తిరుపతి జిల్లా కిందికి వచ్చింది కాబట్టి అర్జీ ఎవరికి ఇవ్వాలో అందరికీ తెలుసు. ఏం అడగాలన్నదే తేలడం లేదు.

చంద్రగిరిలోనో పాకాలలోనో అయితే నేను ముందు గ్రావెల్ అనే చెప్పేవాణ్ని. బంకమన్ను తగు పాళ్లలో ఉన్న గ్రావెల్ తెచ్చి, తడిపి, రోలర్ తిప్పి, మూడు మీటర్ల దారికి అంచులకన్నా నడుమ ఆరు సెంటీమీటర్లు ఎత్తు ఉంచితే నీళ్లు నిలవవు. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానలకు సన్న మన్ను కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. ఒడ్డున ఉన్న ఊరికి మర్నాడే ఇంకో టిప్పర్ వస్తుంది. దీవికి అదే గ్రావెల్ మళ్లీ పడవెక్కాలి. పక్షుల అభయారణ్యం కాబట్టి సరస్సులో ఇష్టం వచ్చినట్టు మట్టి తవ్వుకోవడానికీ లేదు. మొదటి ఏడాది చవకగా కనిపించేది ప్రతి ఏడాదీ ఖర్చు పెట్టిస్తుంది.

సీసీ రోడ్డు మీద జనానికి మోజు ఎక్కువ, అందులో తప్పేమీ లేదు. మంచి సీసీ రోడ్డు ఇరవై ఏళ్లు నిలుస్తుంది. నా టెన్షన్ అంతా నీళ్ల గురించే. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. కలపడానికే ఏడెనిమిది వేల లీటర్ల మంచినీళ్లు కావాలి. తర్వాత కనీసం రెండు వారాలు తడపాలి. ఇనుము లేని కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 2000 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ (ఉప్పులో ఉండే భాగం) ఉండకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. ఇనుము ఉంటే ఆ హద్దు 500 మాత్రమే. సముద్రపు నీటిలో అది 19,000 దాకా ఉంటుంది. వానల తర్వాత పులికాట్ నీటిలో ఉప్పు తగ్గినా, ఎండలు ముదిరేసరికి సముద్రాన్ని మించిపోతుంది. రోడ్డు పనులు జోరుగా సాగేది ఆ ఎండల్లోనే! అప్పుడు తాగే నీళ్లను కాంక్రీటుకు పోయమని దీవి వాళ్లను ఎలా అడుగుతాం?

పడవల సంగతీ అంతే. ఈ సరస్సు లోతు సగటున మీటరు కూడా ఉండదు, ఎండాకాలంలో ఇంకా తగ్గుతుంది. బరువైన సరుకు దాటించాల్సింది వానలు వెనకబట్టి, నీళ్లు ఇంకా నిండుగా ఉన్న రోజుల్లోనే. అప్పుడు సిమెంటు తెచ్చి పెట్టుకుంటే ఆ ఉప్పుగాలికి, తేమకు నెలల్లోనే గడ్డకట్టి బలం పోతుంది. బ్లాకులకు ఆ బాధ లేదు. జనవరిలో దించి పేర్చి పెట్టుకుని మేలో పరుచుకోవచ్చు. ఫ్యాక్టరీలోనే పోసి, అక్కడే తడిపి తెస్తారు కాబట్టి దీవి నీళ్లతో పనే ఉండదు. బరువు చూసినా, 60 మిల్లీమీటర్ల బ్లాకులు చదరపు మీటరుకు 140 కిలోల దాకా తూగుతాయి, పైన చెప్పిన కాంక్రీటు 360 కిలోలు. కింద గ్రావెల్ పొర రెండింటికీ కావాలి.

అందుకే ఇళ్ల మధ్య వీధులకు నా ఓటు పేవర్ బ్లాకులకే. ఇంకో మేలు కూడా ఉంది. కుళాయి పైపు కోసం సీసీ రోడ్డును కోసి, ఆ గాడిని అలాగే వదిలేసిన వీధులు మన జిల్లాలో ఎన్ని లేవు? బ్లాకులైతే గడ్డపారతో లేపి, పైపు వేసి, ఇసుక సరిచేసి అవే తిరిగి పేర్చుకోవచ్చు. ఒకసారి నేర్పితే ఊరి కుర్రాళ్లే చేసుకుంటారు.

తారు రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వేడి తారు మిక్స్ చల్లారేలోగా పరిచి రోలర్ తిప్పాలి, పడవ మీద అది జరిగే పని కాదు.

పొలాల వైపు దారులకు మాత్రం బ్లాకులు వద్దు, గ్రావెలే చాలు. ట్రాక్టర్ కేజ్ వీల్స్‌తో (దమ్ము చేసే ఇనుప చక్రాలతో) ఎక్కితే బ్లాకుల అంచులు పగులుతాయి. వీధుల్లో కూడా ఇసుక నేల మీద నేరుగా పరిస్తే మొదటి వానకే కుంగుతాయి. కింద గట్టిగా దిమ్మిస కొట్టిన పొర, దాని మీద అంగుళం మందాన ఇసుక, రెండు పక్కలా కదలకుండా పాతిన అంచు రాళ్లు ఉండి తీరాలి. అంచు రాళ్లు వేయకుండా వదిలేస్తే వరసలు పక్కకు జరిగి రోడ్డంతా విచ్చుకుపోతుంది. ఖర్చు తగ్గించాలన్నప్పుడు ముందు కోత పడేది వీటికే, కాబట్టి ఎస్టిమేట్‌లో అంచు రాళ్లు, సైడు కాలువ విడివిడిగా రాశారో లేదో గ్రామసభలోనే చదివించుకోండి.