ఇంట్లో కేబుల్ నెట్‌కి స్విచ్ మేలా, ఇంకో రౌటర్ మేలా?

ఈ మధ్య కొత్త ఫ్లాట్‌లోకి దిగిన వాళ్లలో చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు. నెట్ వాళ్లిచ్చిన బాక్స్ హాల్లో ఉంది, బెడ్‌రూమ్‌లకి కేబుల్ లాగించాం, పోర్ట్‌లు చాలట్లేదు, ఇప్పుడు స్విచ్ (ఒక నెట్ కేబుల్‌ని చాలా పోర్ట్‌లుగా పంచే చిన్న డబ్బా) కొనాలా లేక ఇంకో రౌటర్ పెట్టేయాలా అని. మన హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ఎక్కువవడానికి కారణం ఉంది. నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు వైపు లేస్తున్న టవర్లు చాలావరకు మైవాన్ షట్టరింగ్‌వే, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టినవి, లోపలి గోడలు కూడా కాంక్రీటే, 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండు గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది, అందుకే ఇంటి నుంచి పనిచేసేవాళ్లు మళ్లీ కేబుల్ దారి పడుతున్నారు. మంచి పనే చేస్తున్నారు.

నా ఓటు స్విచ్‌కే. మొన్న మా ఇంట్లోకి కూడా ఎనిమిది పోర్ట్‌ల గిగాబిట్‌ది తెచ్చి పెట్టాను.

చాలామంది ధర చూసి తేల్చేస్తారు. ఐదు పోర్ట్‌ల గిగాబిట్ స్విచ్ రెండు వేల లోపే దొరుకుతుంది, దాదాపు అదే డబ్బుకి నాలుగు యాంటెన్నాల రౌటర్ వస్తుంటే వైఫై కూడా కలిసొస్తుంది కదా అనిపిస్తుంది. కానీ అసలు చూడాల్సింది ఇంట్లో ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబర్లు) పంచేది ఒక్కరా ఇద్దరా అని. హాల్లో ఉన్న ఫైబర్ బాక్స్ చాలా ఇళ్లలో ఆ అడ్రస్‌లిచ్చే రౌటర్ పని ఎలాగూ చేస్తూనే ఉంటుంది. దాని నుంచి వచ్చిన కేబుల్‌ని కొత్త రౌటర్ వ్యాన్ (WAN, బయటి నెట్ లోపలికి వచ్చే) పోర్ట్‌లో గుచ్చారనుకోండి, అది తన కింద ఇంకో నెట్‌వర్క్ పెట్టేస్తుంది. హాల్లో టీవీ 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లో, బెడ్‌రూమ్ లాప్‌టాప్ 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లో ఉంటాయి. రెండు చోట్లా యూట్యూబ్ బాగానే ఆడుతుంది, కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకుంటాం. తర్వాత లాప్‌టాప్‌కి హాల్లో ప్రింటర్ కనిపించదు, బెడ్‌రూమ్‌లో ఫోన్‌లో వీడియోని టీవీ మీద వేసే కాస్ట్ పనిచేయదు. లోపలి రౌటర్ కింద నుంచి బయటి వాటికి ఐపీ టైప్ చేసి వెళ్లొచ్చు గానీ వాటంతట అవి జాబితాలోకి రావు, ఇక బయటి నుంచి లోపలికైతే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఫలానా పరికరానికి దారి తెరిచే రౌటర్ సెట్టింగ్) చేస్తే తప్ప దారే ఉండదు. పైగా గేమ్‌లాడే పిల్లలుంటే డబుల్ నాట్ (ఇంటి అడ్రస్‌లన్నిటినీ బయటికి ఒకే అడ్రస్‌గా మార్చే పని రెండుసార్లు జరగడం) గొడవ ఒకటి, నెట్ కంపెనీ తన వైపు ఇప్పటికే సీజీనాట్ (చాలామంది కస్టమర్లకి కలిపి ఒకే అడ్రస్ వాడే పద్ధతి) పెట్టి ఉంటే అది మూడో పొర.

స్విచ్‌కి ఇవేమీ ఉండవు. అది ఎవరికీ అడ్రస్ ఇవ్వదు, ఏ పోర్ట్‌లో ఏ మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే నంబర్) ఉందో గుర్తుపెట్టుకుని డేటాని అక్కడికే పంపుతుంది, అంతే. సెట్టింగ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. ఇంకో లాభం, ఒకే స్విచ్‌కి తగిలించిన పీసీ నుంచి నాస్‌కి (నెట్‌వర్క్‌కి తగిలించే ఫైళ్ల స్టోరేజ్ డబ్బా) ఫైళ్లు పంపితే అవి హాల్లో బాక్స్ దాకా వెళ్లవు, స్విచ్ లోపలే తిరిగిపోతాయి, మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్‌దే అయినా ఇంట్లో మాత్రం గిగాబిట్ స్పీడ్ ఉంటుంది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. చవక రౌటర్ డబ్బా మీద "300 ఎంబీపీఎస్" అని ఉంటే అది వైఫై లెక్క, వెనక పోర్ట్‌లు చాలాసార్లు 10/100వే, అంటే గరిష్ఠంగా 100 ఎంబీపీఎస్‌వే, మీ ప్లాన్ 200 అయినా కేబుల్‌లో 95 దాటదు. స్విచ్‌ల్లోనూ 10/100వి ఇంకా అమ్ముతున్నారు. డబ్బా మీద 10/100/1000 అని ఉంటేనే తీసుకోండి.

మరి రెండో రౌటర్ అసలు వద్దా? ఆ గదిలో వైఫై కూడా కావాలంటే పెట్టుకోండి, నేనేం కాదనను, కానీ యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనే, అంటే అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చేలా. ఆ మోడ్ లేకపోతే దాని ఐపీ మార్చి, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్‌లో కాకుండా ల్యాన్ (LAN, ఇంట్లో పరికరాలు తగిలించే) పోర్ట్‌లో పెట్టండి. అప్పుడది వైఫై ఉన్న స్విచ్‌లా పనిచేస్తుంది. కంపెనీ బాక్సే బాగోలేదంటే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని అలాగే దాటించేలా) పెట్టించి మీ రౌటర్‌నే మెయిన్ చేసుకోవచ్చు, అయినా పోర్ట్‌లు చాలకపోతే మళ్లీ స్విచ్ కొనాల్సిందే.

మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగలిగేది) వీల్యాన్‌లు (ఒకే స్విచ్ మీద వేరువేరు నెట్‌వర్క్‌లు) చేసుకునేవాళ్లకి, మిగతావాళ్లకి అనవసరం. మెష్ (ఇల్లంతా ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు బాక్సులు) బాగుంటుంది, ఖర్చెక్కువ. నెట్ కేబుల్‌తో నడిచే ఐపీ సీసీ కెమెరాలుంటే పీఓఈ (ఆ కేబుల్‌లోనే కరెంట్ కూడా పంపే) స్విచ్ తీసుకోండి, మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూసుకుని.

కేబుల్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్తే ప్యూర్ కాపర్ అని అడిగి తీసుకోండి, సీసీఏ అంటే అల్యూమినియం మీద రాగి పూత, చవకగా వస్తుంది గానీ క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్ బిగించే చోటు) దగ్గర తొందరగా విరుగుతుంది. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, ఒక్కటి సరిగ్గా తగలకపోయినా మామూలుగా లింక్ 100కి పడిపోతుంది, స్విచ్ మంచిది కాదనుకుని తిరిగిచ్చేసేవాళ్లున్నారు. ముందు పీసీలో లింక్ స్పీడ్ చూడండి. ఒకే కేబుల్ రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో పెట్టకండి, మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్ అయితే డేటా అక్కడక్కడే తిరిగే లూప్ పడి ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. కరెంట్ పోయినప్పుడు కోసం మినీ యూపీఎస్ కొంటుంటే రెండు అడాప్టర్ల మీదా వోల్టేజ్ చదవండి, ఫైబర్ బాక్స్‌లు ఎక్కువగా 12 వోల్టులవి, చిన్న స్విచ్‌లు చాలావరకు 5 వోల్టులవి, రెండూ ఇచ్చేది అడిగి తెచ్చుకోండి.