బాల్ పైథాన్ పిల్లల్ని జోడీగా అంటగడుతున్నారు, జాగ్రత్త

విజయవాడ, గుంటూరులో బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి, విషం లేని పెంపుడు పాము) కొనాలనుకునేవాళ్లు ఇది చదివి కొనండి. "ఒక్కటే అయితే బెంగ పెట్టుకుంటుందండి, జోడీ తీసుకోండి, ఒకే ట్యాంకులో హాయిగా ఉంటాయి" అని రెండేసి పిల్లల్ని ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. పాముకు తోడు అక్కర్లేదు. రెండో పిల్లను వదిలించుకోవడానికి చెప్పే మాట అది.

రెండూ ఒకదాని మీద ఒకటి చుట్టుకుని పడుకున్న వీడియో కూడా చూపిస్తారు. అది ప్రేమ అనుకోవద్దు. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు ఒక్కటే ఉంటే రెండూ దానికోసమే పోటీ పడతాయి. కరుచుకోవు, బుసకొట్టవు, అందుకే మన కంటికి గొడవ కనబడదు. బలహీనమైనది చల్లటి మూలకు పోతుంది. అక్కడ తిన్నది అరగదు, కక్కేస్తుంది, తర్వాత ఎలుకను ముట్టదు. పుట్టినప్పుడు 50-70 గ్రాములుండే పిల్ల కాబట్టి గ్రాముల్లో చూపించే వంటింటి కాటాలో వారానికోసారి తూయండి. ఒకటి పెరుగుతూ ఇంకోటి అక్కడే ఆగిపోయిందంటే కారణం ఇదే కావొచ్చు. పైగా కలిపి ఉంచితే కక్కింది ఏదో, పెంట వేసింది ఏదో తెలిసి చావదు.

మేత వేళ మరీ ప్రమాదం. ఎలుక వాసన తగిలాక కదిలేదల్లా వాటికి మేతే. రెండూ ఒకే ఎలుకను చెరోవైపు పట్టుకుంటే ఒకదాని తల ఇంకోదాని నోట్లోకి పోతుంది. పళ్లు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి వదలాలన్నా తేలిగ్గా వదల్లేదు. "మేత పెట్టేటప్పుడు విడదీస్తే చాలు" అనే సలహా కూడా వినకండి. తిన్న వెంటనే చేత్తో ఎత్తి మార్చితే కక్కేయొచ్చు, ఒంటి మీద ఎలుక వాసన కూడా పోదు.

ఇక పేలు. కళ్ల చుట్టూ, గడ్డం కింది మడతలో నల్లటి చుక్కలున్నాయేమో చూడండి. తెల్ల టిష్యూ తడిపి ఒళ్లు తుడిస్తే మిరియప్పొడిలా అంటుకుంటాయి, నీళ్ల గిన్నె అడుగునా కనబడతాయి. ఒకదానికి ఉంటే రెండోదానికీ వచ్చేసినట్టే. బొద్దింకల స్ప్రే మాత్రం కొట్టకండి, పామే పోతుంది. కొత్త పామును పాతవాటికి దూరంగా, వేరే గదిలో 60-90 రోజులు ఉంచాల్సిందే.

పిల్లకు 10-15 లీటర్ల క్లిప్పు మూత డబ్బా ఒక్కొక్కటి చాలు. వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి, పాము దాక్కోవడానికి ఒకే సైజు గూళ్లు రెండు పెట్టండి. దొర్లిపోని నీళ్ల గిన్నె, అడుగున కొబ్బరి పొట్టు. వెచ్చటి వైపు 31-32 డిగ్రీలు, చల్లటి వైపు 26. డబ్బాను వేడి చేసే హీట్ మ్యాట్‌కు, వేడి మించకుండా ఆపే థర్మోస్టాట్ తప్పనిసరి. మన మే నెలలో మ్యాట్ గురించి ఆలోచించక్కర్లేదు, తీసేయండి. డబ్బాలో 35 దాటితే ప్రాణం మీదికొస్తుంది. కరెంటు పోతే డబ్బాను కింద గచ్చు మీద పెట్టి, గుడ్డ చుట్టిన ఐసు సీసాను బయటి నుంచి ఆనించండి. మేత వారానికోసారి, పాము బరువులో 10-15 శాతం ఉన్న ఎలుక.

కాగితాలు అడగడం మర్చిపోవద్దు. 2022 సవరణ తర్వాత బాల్ పైథాన్ వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చింది, కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. "ఇంట్లో పెట్టుకోండి, ఎవరడుగుతారు" అనేవాడి దగ్గర కొనకండి. కొందరు మన కొండచిలువ పిల్లనే చూపించి బాల్ పైథాన్ అంటారు. తల మీద బాణం మొనలాంటి మచ్చ ఉంటే అనుమానించండి. కొండచిలువ అదే చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

ఇప్పటికే జోడీ తెచ్చుకున్నవాళ్లు ఈ పూటే విడదీయండి. వారం పాటు ముట్టుకోకుండా వదిలేసి తర్వాత మేత చూపించండి. కక్కిన పిల్లకైతే రెండు వారాలు ఆగి, ముందటికన్నా చిన్న ఎలుక ఇవ్వండి. నోట్లో బుడగలు వస్తున్నా, తల పైకెత్తి ఊపిరి తీస్తున్నా ఆలస్యం చేయకుండా, పాములు చూసే డాక్టరు ఉన్నారో లేదో గన్నవరం పశువైద్య కళాశాలకు ముందు ఫోన్ చేసి కనుక్కుని తీసుకెళ్లండి.