మౌంటెన్ డల్సిమర్ రివ్యూ: సైలెంట్ నైట్ అనే క్రిస్మస్ పాట కోసమే కొన్నా
ఒళ్లో పెట్టుకుని వాయించే ఈ డల్సిమర్ సౌండ్ భలే నచ్చేసింది నాకు, తీగలు మూడే, ఒకదాని మీద ట్యూన్ వాయిస్తుంటే మిగతా రెండూ తంబురాలా శ్రుతి పట్టి మోగుతూనే ఉంటాయి. 1818లో ఆస్ట్రియాలో మొదటిసారి పాడినప్పుడు కూడా సైలెంట్ నైట్‌కి తోడు గిటారే కదా, అందుకే ఈ కరోల్ తీగల మీద ఎంత హాయిగా ఉంటుందో. డీ-ఏ-డీ ట్యూనింగ్‌లో (అంటే మూడు తీగల్నీ డీ, ఏ, డీ స్వరాలకి శ్రుతి చేసుకుని) నాలుగో ఫ్రెట్ (తీగని నొక్కే మెట్టు) దగ్గర మొదలెట్టండి, పాట పదో ఫ్రెట్ దాకా వెళ్తుంది.

కొనేముందు ఆరున్నర ఫ్రెట్, అంటే ఆరుకీ ఏడుకీ మధ్య ఉండే అదనపు మెట్టు, ఉందో లేదో మాత్రం తప్పకుండా చూస్కోండి, అది లేకపోతే ఈ ట్యూనింగ్‌లో పాటకి కావాల్సిన నిషాదం పలకదు, కరోల్ మొత్తం పాడైపోతుంది. నాకొచ్చిన దాంట్లో ఉంది. ట్యూనింగ్ కీలు మాత్రం లూజు, వాయించే ముందు ప్రతిసారీ శ్రుతి సరిచేసుకోవాల్సి వస్తోంది.