ఉన్నచోటే ఆగాలా, కాలేజీ మారాలా? కుర్ర పిచ్చర్‌కు ఏది మేలు?

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారంటే చాలు, అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ చూసే మనవాళ్లు అడిగేది ఒకటే: పెద్ద టీమ్‌లో అవకాశం రాని పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) అక్కడే ఆగాలా, వెళ్లిపోవాలా? చదువు సరిగ్గా ఉంటే 2024 నుంచి ఎన్నిసార్లు మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు కాబట్టి మనసు లాగడం సహజమే.

మొదటి ఏడాదైతే ఆగమనే అంటాను. కోచ్‌కు అతని చెయ్యి తెలుసు, ఒళ్లు ఇంకా గట్టిపడాలి, తగ్గిన ఇన్నింగ్స్ (ముగ్గురు అవుటయ్యేదాకా సాగే ఒక్కో వంతు) వేసవి లీగులో పూడ్చుకోవచ్చు.

రెండో ఏడాదీ బుల్‌పెన్‌లోనే, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చి వేసేవాళ్లలోనే ఉంటే మాత్రం ఆలోచించాలి. ఎన్ని ఇన్నింగ్స్ వేశాడన్న దానికంటే ఎలా వేశాడన్నది నాకు ముఖ్యం. ఒక్క ఇన్నింగ్ కోసం వచ్చేవాడికి వేగంగా వేసే ఫాస్ట్‌బాల్, పక్కకు వంగే స్లైడర్ చాలు. ఫాస్ట్‌బాల్‌లా కనిపిస్తూ నెమ్మదిగా వచ్చే ఛేంజప్ అవసరం పెద్దగా రాదు, మ్యాచ్‌లో వెయ్యకపోతే అది చేతికి పట్టుబడదు. మ్యాచ్‌ను మొదలుపెట్టే స్టార్టర్ అలా కాదు. అదే బ్యాటర్ మూడోసారి వచ్చేసరికి ఆ రెండు బంతులూ చూసేసి ఉంటాడు, ఇక మూడోది తియ్యాల్సిందే. పైగా శుక్రవారం వేస్తే మళ్లీ శుక్రవారమే, ఈలోగా దాన్ని సాధన చేసుకునే తీరిక ఉంటుంది.

చేజ్ బర్న్స్‌నే చూడండి. టెనసీ యూనివర్సిటీలో 2023 సీజన్ మధ్యలో అతన్ని స్టార్టర్ నుంచి బుల్‌పెన్‌కు మార్చారు. 2024లో వేక్ ఫారెస్ట్‌కు వెళ్లి మళ్లీ స్టార్టరయ్యాడు: 100 ఇన్నింగ్స్, 191 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), ప్రొఫెషనల్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో పిక్. ఆ ఏడాదే టెనసీ జాతీయ టైటిల్ గెలిచింది. అయినా అతను మారి మంచి పని చేశాడనే నా నమ్మకం.

పాల్ స్కీన్స్ కథను మాత్రం దీనికి ముడిపెట్టకండి. ఎయిర్ ఫోర్స్ అకాడమీలో అతనికి ఆటకు కొదవే లేదు, క్యాచర్‌గానూ ఆడేవాడు. 2023లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)కి వచ్చి పిచింగ్ మీదే ధ్యాస పెట్టాక 209 స్ట్రైకవుట్లు తీశాడు, డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అయ్యాడు.

జూనియర్ కాలేజీ (మన ఇంటర్ కాదు, అక్కడి రెండేళ్ల కాలేజీ) కూడా ఒక దారే. ఆడే అవకాశం ఎక్కువ, మూడేళ్లు ఆగకుండా డ్రాఫ్ట్‌కు వెళ్లొచ్చు.

మారాలనుకుంటే కొత్త కోచ్‌ని ముందే సూటిగా అడగండి: వారాంతపు మూడు మ్యాచ్‌ల్లో మావాడు ఏది మొదలుపెడతాడు? మాట దాటేస్తే పోర్టల్‌లో పేరు వేయించకండి. పేరు పడ్డాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు, 2025-26 నుంచి చాలా పెద్ద కాలేజీల్లో టీమ్‌కు ఉన్నవి 34 చోట్లే.