మా కోడలి మూలపురుషుడి ఊరు చూసొచ్చాం

మా కోడలిది మసాచుసెట్స్. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడెక్కి అమెరికా వెళ్లి, అక్కడి ప్లిమత్ కాలనీకి ఏళ్ల తరబడి గవర్నరుగా చేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ వాళ్ల మూలపురుషుడు. "అత్తయ్యా, ఆయన పుట్టిన ఊరు చూడాలనుంది" అంది. ఇద్దరం ఇంగ్లండు బయల్దేరాం.

లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే గంటన్నరలో రెట్‌ఫర్డ్. ముందు అక్కడి బాసెట్‌లా మ్యూజియం చూడండి, టికెట్టు లేదు. పిల్‌గ్రిమ్స్, అంటే ఇంగ్లండు అధికార చర్చితో పడక దేశం వదిలిన బ్రాడ్‌ఫర్డ్ లాంటి వాళ్ల కోసమే ఒక గ్యాలరీ పెట్టారు. ఎవరిది ఏ ఊరో, ఎందుకు దేశం వదిలారో అక్కడే తెలుస్తుంది. అది చూడకుండా పల్లెల్లోకి వెళ్తే పొలాలు తప్ప ఏమీ కనిపించవు.

బస బాట్రీలో. గది శుభ్రంగానే ఉంది గానీ రోడ్డు వైపు ఇచ్చారు, రాత్రంతా బళ్ల చప్పుడే. వెనకవైపు గది అడిగి తీసుకోండి. మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, సగం పూట పోయింది. మర్నాడు కారు అద్దెకు తీసుకున్నాం. మీరు మొదటి రోజే తీసుకోండి.

బ్రాడ్‌ఫర్డ్ పుట్టిన ఊరు ఆస్టర్‌ఫీల్డ్. అక్కడి సెయింట్ హెలెనా చర్చి చిన్నది. మేం వెళ్లేసరికి తాళం వేసి ఉంది. ముందే రాసి ఉంచాం కాబట్టి ఒక పెద్దావిడ తాళంచెవి తెచ్చి తీసింది. గుమ్మం నార్మన్ల కాలం నాటిది, పైన రాతిలో డ్రాగన్ చెక్కారు. పసివాడైన బ్రాడ్‌ఫర్డ్‌ను బాప్తిస్మానికి తెచ్చింది ఈ గుడికే. మా కోడలు ద్వారబంధం రాయి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. ఏడాది దాటగానే తండ్రి, ఏడేళ్లకు తల్లి పోతే, ఆ పిల్లవాణ్ణి తండ్రి అన్నదమ్ములు పెంచారు.

వంశం వెతికేవాళ్లు తేదీ దగ్గర జాగ్రత్త. ఆ బాప్తిస్మం పాత లెక్కలో 1589 మార్చి 19. అప్పట్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం, మన ఉగాది రోజుల్లోలాగే, మార్చి 25న మొదలయ్యేది. అంటే ఇప్పటి లెక్కలో అది 1590. ఇది తెలియక ఒకే మనిషిని ఇద్దరనుకునే ప్రమాదం ఉంది. ఇంకోమాట, మేఫ్లవర్ సంతతి అని నిరూపించుకోవడానికి ఇంత దూరం రానక్కర్లేదు. తొలి ఐదు తరాలను మేఫ్లవర్ సొసైటీ అనే వారసుల సంఘం వాళ్లు సిల్వర్ బుక్స్ అనే వంశావళి పుస్తకాల్లో అచ్చువేశారు. ఆ తర్వాత మన దాకా ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు పోగుచేసుకోవాలి. అసలు కష్టమంతా అక్కడే.

స్క్రూబీ అనే పల్లెలో పిల్‌గ్రిమ్స్ పెద్దల్లో ఒకరైన విలియం బ్రూస్టర్ ఉన్న మేనర్ ఇల్లు బయటినుంచి చూడాల్సిందే, దారిలో పది నిమిషాలు ఆగితే చాలు. గెయిన్స్‌బరో ఓల్డ్ హాల్ అనే పాతకాలపు భవంతికి మాత్రం టికెట్టు డబ్బులు దండగ కావు. ఆ కలప హాలు, మనుషులు నిలబడేంత పొయ్యిలున్న వంటిల్లు చూడ్డానికే పూటంతా పట్టింది.

చివర బాబ్‌వర్త్. కుర్రాడప్పుడు బ్రాడ్‌ఫర్డ్ ఇక్కడి చర్చి పాదిరి రిచర్డ్ క్లిఫ్టన్ ప్రసంగం వినడానికి ఆస్టర్‌ఫీల్డ్ నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చేవాడు. పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఊరు దగ్గర పడగానే కోడలు కారు ఆపమంది. "మిగతాది నడుస్తాను అత్తయ్యా" అని దిగిపోయింది. నేనూ దిగాను.